ప్లాస్టరు మీద తారీకు

మా నగరేశ్వరరావు మావయ్య సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. విజయనగరం గంటస్తంభం దాటాక బట్టల కొట్ల వెనక సందులో ఉంది ఆయన కొట్టు. ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి నిలబడాల్సిందే, అంత ఇరుకు. ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉన్నాడు. ఆ ఇరవై రెండేళ్లలో కొట్టుకొచ్చిన ఏ మనిషితోనూ ఆయన అనని మాట ఒకటుంది. "కొత్తది కొనుక్కో." ఆ మాట ఆయన చేత అనిపించింది నేను. చెప్పుకుంటే పరువు పోతుందని చాన్నాళ్లు దాచాను. దాచి కాపాడుకున్నది కూడా పెద్ద పరువేమీ కాదు, అందుకని చెప్పేస్తున్నాను.

మాది వ్యాపారస్తుల కుటుంబం. తాతగారికి మెయిన్ రోడ్డు మీద కిరాణా కొట్టుండేది. ఇద్దరు కొడుకులు, మధ్యలో మా అమ్మ కన్యాకుమారి. పెద్దకొడుకు రాంబాబు గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం నేర్చుకున్నాడు. చిన్నకొడుకు నగరేశ్వరరావు కొట్లో పాటలు వినే రేడియోని విప్పేయడం, మళ్లీ బిగించడం నేర్చుకున్నాడు. శావుకారింట పుట్టి చేతులకి ఆ మసేమిటని తాతగారు నానా తిట్లూ తిట్టారట. ఈయన విన్నాడా అంటే వినలేదు. రేడియోల నుంచి టీవీలకి, టీవీల నుంచి సెల్‌ఫోన్లకి వచ్చాడు. తాతగారు పోయాక రాంబాబు మావయ్య కిరాణా తీసేసి, అదే చోట అద్దాల తలుపులు, ఏసీ పెట్టించి కొత్త ఫోన్ల షోరూమ్ తెరిచాడు.

"ఆ సందులో ఉడికిపోవడం ఎందుకురా, వచ్చి నా పక్కన కూర్చో" అని తమ్ముణ్ణి పండగకోసారి పిలిచేవాడు.

"నువ్వు అమ్ము అన్నయ్యా, నేను బతికిస్తాను" అనేవాడు ఈయన. నవ్వుతూనే అనేవాడు గానీ, ఆ మాటంటున్నప్పుడు ఆయన మెడ కొంచెం నిటారుగా అయ్యేది. అది నేను చిన్నప్పటి నుంచీ చూశాను.

ఆయనకి ఒక అలవాటుంది. మెడికల్ షాపులో దొరికే తెల్ల ప్లాస్టరు చుట్ట ఎప్పుడూ బల్ల మీద ఉంటుంది. ఫోను బాగుచేసి ఇచ్చేముందు దాని వెనక చిన్న ప్లాస్టరు ముక్క అంటించి, నల్ల స్కెచ్ పెన్నుతో ఆ రోజు తారీకు వేస్తాడు. తారీకు కింద రెండే మాటలు. "అప్‌డేట్ నొక్కొద్దు." ఎందుకని ఒకసారి అడిగాను.

"ఫోను దానంతటది సావదే బిందూ. మోయలేని బరువు దాని మీద పడేసి సంపుతారు. అందులో యాపులున్నాయి సూడు, ఏడాదికేడాది లావెక్కిపోతన్నాయి. ఫోను మాత్రం అదే ఫోను కదేటి?" అన్నాడు.

ఆ ప్లాస్టరు వల్ల ఆయనకి ప్లాస్టరు డాక్టరని పేరొచ్చింది. వచ్చేవాళ్లలో సగం మంది గుర్ల, నెల్లిమర్ల, గజపతినగరం వైపు రైతులు. వాళ్లలో లక్ష్ముడు అందరికంటే పాత ఖాతాదారు. గుర్ల అవతల ఒక ఊళ్లో రెండున్నర ఎకరాల వరి పండిస్తాడు. అరవై దాటినవాడు. అతని ఫోనుకి ఎనిమిదేళ్లు. మావయ్య దానికి మూడుసార్లు బ్యాటరీ, రెండుసార్లు అద్దం మార్చాడు. ఒకదాని మీద ఒకటి ప్లాస్టర్లు పడి దాని వీపు మందంగా తయారైంది.

"ఈ ఫోను నీదా నాదా, నిజం సెప్పు లక్ష్ముడూ" అని మావయ్య ఆటపట్టిస్తే, "ఫోను నాదే డాట్రుబాబూ. పేణం మాత్రం నీది" అనేవాడు లక్ష్ముడు.

ఇక నా సంగతి. ఇంజనీరింగ్ విజయనగరంలోనే చదివి, ఆ తర్వాత డిజైన్ కోర్సొకటి చేసి, విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఫోన్లో యాప్ తెరిస్తే ఏది ఎక్కడ కనపడాలి, ఏ బటన్ ఎంత ఉండాలి, ఏది నొక్కితే ఏం రావాలి అన్నది నిర్ణయించడం నా పని. మా ఇంట్లో ఎవరికీ అది అర్థం కాలేదు. అమ్మ చుట్టాలకి "కంప్యూటర్లో బొమ్మలేస్తుంది" అని చెప్పేది. మావయ్య ఒక్కడే కాసేపు ఆలోచించి, "అంటే కొట్టు సర్దడం అన్నమాట. ఎవడికేటి కావాలో వాడి సేతికి అందేలాగ పెట్టడం" అన్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇంత చదువు చదివితే కొట్టు సర్దడమా అని. ఈ ఉద్యోగంలో కొన్నేళ్లు గడిపాను, అంతకంటే సరైన మాట ఇప్పటికీ నాకు దొరకలేదు.

మా కంపెనీకి పంటబండి అని ఒక యాప్ ఉంది. వరికోత మిషన్లకి వంతులు కట్టే యాప్ అది. ఈ రోజుల్లో కోతకి మనుషులు దొరకరు. మిషన్ ఊళ్లోకి రెండు మూడు రోజులే వస్తుంది, వచ్చినప్పుడు ఎవరి చేను ముందు, ఎవరిది తర్వాత అని తగాదాలు. పంటబండిలో పేరు రాయించుకుంటే వంతు రోజున మెసేజ్ వస్తుంది. రైతు యాప్ తెరిచి "సరే" నొక్కితే మిషన్ అతని చేనుకి వస్తుంది. నేను చేరేటప్పటికి అది చూడ్డానికి బొత్తిగా బాగోలేదు. తెల్లటి పేజీ మీద నల్లటి పేర్లు, కింద ఒక ఆకుపచ్చ బటన్, పక్కన ఒక ఫోన్ నంబరు. అంతే. రేషన్ కొట్టు గోడ మీద అంటించిన జాబితాలా ఉండేది.

దాన్ని అందంగా చేసే పని నా చేతికొచ్చింది. నా మొదటి పెద్ద పని. ఎంత మురిసిపోయానో చెప్పలేను. యాప్ తెరవగానే వీడియో వచ్చేలా పెట్టాను. గజపతినగరం దగ్గర డ్రోన్ ఎగరేయించి తీయించిన వీడియో అది. గాలికి ఊగే పండిన వరిచేను, దాని మధ్యలోంచి వస్తున్న ఎర్రటి మిషన్. పేర్ల బదులు రైతుల ఫొటోలు, పొలం మ్యాపు, కదిలే మబ్బులు. పేజీ మీద చిందరవందరగా ఉందని ఆ ఫోన్ నంబరు తీసేసి, యాప్ లోపల "సాయం" అని ఒక బటన్ పెట్టాను. మెసేజ్ వచ్చిన రెండు గంటల్లోపల "సరే" నొక్కకపోతే వంతు తర్వాతి వాళ్లకి వెళ్లిపోయేలా ఒక గడియారం కూడా పెట్టాను. గుండ్రంగా తరిగిపోయే గడియారం. దాని రంగు కోసం రెండు రోజులు కూర్చున్నాను, ఆశ్చర్యం ఏమిటంటే ఆ రెండు రోజుల్లో ఆ గడియారం ఎవరి నెత్తిన తిరుగుతుందో ఒక్కసారీ తోచలేదు.

ఆఫీసులో అందరివీ కొత్త ఫోన్లు. వాటిలో వెన్నలా నడిచింది. ఒక సోమవారం నేను ఇంటి దగ్గరే ఉన్నాను. ఊరికే చూద్దామని అమ్మ పాత ఫోన్లో వేశాను. దాని వెనక కూడా మావయ్య ప్లాస్టరు ఉంది. తెరుచుకోవడానికి నలభై రెండు సెకన్లు పట్టింది. వైఫై తీసేసి మళ్లీ తెరిస్తే తెరుచుకోలేదు. తెల్లతెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది, ఫోను వేడెక్కింది. ఆ సంగతి తారీకు వేసి పరీక్షల పట్టికలో రాశాను. మర్నాడు మీటింగులో మా పైఅధికారి మురళీమోహన్ గారు ఆ వరస చూసి, "పాత ఫోన్ల సంగతి తర్వాత చూద్దాం. కోతలు మొదలయ్యేలోపు ఇది బయటికెళ్లాలి" అన్నారు. వీడియో తీసేస్తే తేలికవుతుందని నేను అనొచ్చు. అనలేదు. ఆయనకి భయపడి కాదు, ఆ వీడియో నాది కాబట్టి.

ఆ ఆదివారం నేనూ అమ్మా మావయ్య ఇంటికి భోజనానికి వెళ్లాం. మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర. ఊరంతా అప్పటికే జనం. భోజనాలయ్యాక నా ఫోన్లో కొత్త పంటబండి తెరిచి మావయ్యకి ఇచ్చాను. చేను ఊగింది, మిషన్ వచ్చింది, మబ్బులు కదిలాయి. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని మూడుసార్లు చూశాడు.

"ఇదంతా నువ్వే సేసినావా?"

"నేనే."

"మన గజపతినగరం చేలే!" అని హేమత్తని పిలిచి ఆమెకి చూపించాడు. తర్వాత ఫోను నా చేతికిస్తూ, అలవాటు మాటగా అడిగాడు. "మన పాత ఫోన్లలో నడుస్తాదా?"

సోమవారం నాటి తెల్లతెర నా కళ్ల ముందే ఉంది. ఆయన ముఖంలో ఉన్న సంతోషం కూడా నా కళ్ల ముందే ఉంది. "నడుస్తాది మావయ్యా" అన్నాను. మామూలుగా నేను ఆయనలా మాట్లాడను. ఆ ఒక్క మాటా ఆయన యాసలోనే వచ్చింది.

సిరిమాను రోజున ఊళ్లో ఇసక వేస్తే రాలదు. ఆ జనంలో జేబులు కొట్టేవాళ్లుంటారని పల్లెల నుంచి వచ్చినవాళ్లు మావయ్య కొట్లో ఫోన్లు పెట్టి వెళ్తారు. ఏళ్ల తరబడి ఉన్న అలవాటది. ఒక పెద్ద పళ్లెంలో వరసగా పెట్టించుకుని, ఎవరిది ఏదో ప్లాస్టరు మీది తారీకుని బట్టి గుర్తుపట్టి సాయంత్రం తిరిగిచ్చేస్తాడు. ఆ మంగళవారం పళ్లెంలోకి ముప్పై ఏడు ఫోన్లు వచ్చాయి. అన్నిటిలోనూ పంటబండి ఉంది, పాతది, ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్నది. కొత్తది మా కంపెనీ ముందురోజే బయటికి వదిలింది. మావయ్య మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా కూర్చుని, కొట్లోని వైఫై మీద ఒక్కొక్క ఫోన్లో తన చేత్తో అప్‌డేట్ నొక్కాడు. ఇన్నేళ్లూ నొక్కొద్దని రాసిన చెయ్యి. వైఫై ఉంది గనక అన్నీ మెల్లగానైనా తెరుచుకున్నాయి. పండగ రోజు ఫోన్లు కూడా బద్ధకిస్తున్నాయని నవ్వుకున్నాడట.

సాయంత్రం లక్ష్ముడు తన ఫోను తీసుకుంటూ తెర చూసి అడిగాడట. "ఇదేటి బాబూ, మారిపోనాది? నొక్కొద్దని నువ్వే కదా రాసినావు?"

"ఇది మా పిల్ల సేసింది లక్ష్ముడూ. మా బిందు. నీకేటీ అవదు, నాది పూచీ" అన్నాడట మావయ్య.

ఆ మాట నాకు ఆయన చెప్పలేదు. తర్వాత లక్ష్ముడే చెప్పాడు.

నవంబరు ఆఖరివారంలో లక్ష్ముడి ఊళ్లోకి మిషన్ వచ్చింది. అప్పటికే వాయుగుండం అని రేడియోల్లో చెప్తున్నారు, రెండు మూడు రోజుల్లో వాన ఖాయమంటున్నారు. లక్ష్ముడి చేను పండి, కంకి బరువుకి వంగి ఉంది. పొద్దున్న తొమ్మిదింటికి అతని ఫోనుకి మెసేజ్ వచ్చింది, నీ వంతు అని. అతను గట్టు మీద ఉన్నాడు. అక్కడ సిగ్నల్ ఉండీ లేనట్టు ఉంటుంది. యాప్ నొక్కాడు. తెల్లతెర. మళ్లీ నొక్కాడు. గట్టు చివరికి వెళ్లి నొక్కాడు, రోడ్డు మీదికొచ్చి నొక్కాడు. ఆ ఫోను నా వీడియోని కొంచెం కొంచెంగా లోపలికి లాక్కుంటూ ఉంది. తెరిచిన ప్రతిసారీ మొదటి నుంచి. పదిన్నరకి బ్యాటరీ అయిపోయింది. ఫోను చేద్దామంటే నంబరు తెరుచుకోని యాప్ లోపల ఉంది, దాన్ని అక్కడ పెట్టింది నేనే. పరుగెత్తుకుంటూ మిషన్ దగ్గరికి వెళ్లేసరికి పదకొండు దాటింది.

"నా ఫోన్లో నీ పేరు లేదు తాతా. వంతు ముందుకెళ్లిపోనాది. నానేటి సెయ్యాల?" అన్నాడు డ్రైవరు. అతని తప్పేమీ లేదు.

మర్నాడు మధ్యాహ్నానికి మిషన్ వేరే ఊరు వెళ్లిపోయింది. ఆ సాయంత్రం వాన మొదలైంది. మూడు రోజులు వదల్లేదు. చేను పూర్తిగా పడిపోయింది, కంకులు నీళ్లలో నానాయి, నాలుగో రోజుకి వాటి మీద తెల్లటి మొలకలొచ్చాయి. లక్ష్ముడి భార్య అసిరమ్మ ఆ మొలకెత్తిన కంకులు నాలుగు తెంపి అతని చేతికిచ్చి, "ఇయ్యి కూడా తీసుకెళ్లి ఆ డాట్రుకి సూపించు" అందట.

అతను వాటిని నిజంగానే తీసుకొచ్చాడు. మావయ్య బల్ల మీద కంకులూ ఫోనూ పక్కపక్కన పెట్టాడు. గొంతెత్తలేదు. "పేణం నీదన్నాను కదా బాబూ" అన్నాడు, అంతే.

మావయ్య ఆ రోజు కొట్టు మూసేసి, లక్ష్ముడితో పాటు బస్సెక్కి ఆ ఊరు వెళ్లాడు. గట్టు మీద నిలబడి తనే యాప్ నొక్కి చూశాడు. చక్రం తిరుగుతూ ఉంది. గంటసేపు అక్కడే నిలబడ్డాడట, పడిపోయిన చేను ముందు. తర్వాతి వారంలో ముప్పై ఏడు మందిలో పదకొండు మంది వచ్చారు, అదే కథతో. మిగిలినవాళ్లు కొడుకుల ఫోన్లతోనో పక్కవాళ్ల ఫోన్లతోనో గట్టెక్కారు.

పాత పంటబండిని వెనక్కి తెద్దామని మావయ్య చాలా ప్రయత్నించాడు. మా కంపెనీ పాతదాన్ని పనిచేయకుండా ఆపేసింది, ఇక దారి లేదు. రెండో పంటకి మిషన్ కావాలంటే కొత్త యాప్ నడిచే ఫోనే కావాలి. లక్ష్ముడు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"కొత్తది కొనుక్కో లక్ష్ముడూ" అన్నాడు మావయ్య.

అని, తనే అతన్ని వెంటబెట్టుకుని రాంబాబు మావయ్య షోరూముకి నడిచాడు. ఇరవై రెండేళ్లలో ఆ అద్దాల తలుపు తోసుకుని ఆయన ఒక ఖాతాదారుతో లోపలికి వెళ్లడం అదే మొదటిసారి. రాంబాబు మావయ్య ఏమీ ఎత్తిపొడవలేదట, కుర్చీ వేశాడట. ఈ సంగతంతా అమ్మ నాకు ఫోన్లో చెప్పింది. నేను ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏడ్చి, లేచి, లోపలికెళ్లి మధ్యాహ్నం మీటింగులో కూర్చున్నాను. అలాంటిదాన్ని నేను.

మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అది నాకు ఇంకా కష్టమైంది. నేను వెళ్లిన ప్రతిసారీ కొట్లో ఎవరో ఒకరు నన్ను చూసి ముఖం చిట్లిస్తే, ఆయనే అడ్డుపడేవాడు. "దానికి తెలీదురా. ఆఫీసులో కూర్చుని సేసింది. మన గట్టు మీద సిగ్నల్ ఎలాగుంటాదో దానికేటి తెలుసు? తప్పు నాది, నొక్కినోణ్ణి నేను." నేను పక్కన నిలబడి వినేదాన్ని.

ఆఫీసులో మాత్రం మొండికేశాను. వీడియో తీసేయాలన్నాను. మురళీమోహన్ గారు కొన్నాళ్లు విసుక్కున్నారు, కొన్నాళ్లు వాయిదా వేశారు. రైతులు యాప్ వదిలేస్తున్నారని లెక్కలు వచ్చాక ఒప్పుకున్నారు. కొత్తది తయారయ్యేదాకా పట్టిన ఆ ఎనిమిది నెలలూ సెలవు దొరికినప్పుడల్లా మావయ్య కొట్లో ఒక స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఏ ఫోను దేనివల్ల చస్తుందో ఆయన చెప్తుంటే రాసుకున్నాను. ఊరికే కదిలే బొమ్మ బ్యాటరీ తినేస్తుంది. ఎవరూ చూడని ఫొటోని మోయడానికి ఎక్కడో ఒక కంప్యూటర్ కరెంటు కాలుస్తుంది, ఇక్కడ ఒక ఫోను వేడెక్కుతుంది. తెర మీద నేను పెట్టే ప్రతి సోకూ ఎవరి ఫోను ఆయుష్షులోంచో తగ్గుతుంది. చదువులో మాకు దీనికి సుస్థిరమైన డిజైన్ అని పెద్ద పేరు చెప్పారు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది మా మావయ్య బల్ల మీద రోజూ జరుగుతోందని మాత్రం అప్పుడు తట్టలేదు.

కొత్తగా చేసిన పంటబండి మళ్లీ తెల్ల పేజీ, నల్ల పేర్లు, ఆకుపచ్చ బటన్. ఫోన్ నంబరు మొదటి పేజీలోనే, పెద్దగా. సిగ్నల్ లేకపోయినా చివరిసారి చూసిన జాబితా ఫోన్లోనే ఉంటుంది. యాప్ తెరవకుండా మామూలు మెసేజ్‌తో కూడా "సరే" అనొచ్చు. ఆ గుండ్రటి గడియారం లేదు. జవాబు రాకపోతే మనిషి ఫోను చేసి అడగందే వంతు దాటదు. బరువు ముప్పయ్యో వంతుకి దిగింది. కంపెనీ వాళ్లు దీన్ని పర్యావరణహితమైన డిజైన్ అని ప్రకటించి, నా ఫొటో పెట్టి నాలుగు మంచి మాటలు రాశారు. ఆ ప్రకటన అమ్మ చూపిస్తే మావయ్య చదివి, "బావున్నాది ఫొటో" అన్నాడట.

ఆ జులైలో ఒక శనివారం పొద్దున్న లాప్‌టాప్ పట్టుకుని కొట్టుకెళ్లాను. మావయ్య సొరుగు లాగి లక్ష్ముడి పాత ఫోను తీశాడు. షోరూమ్ నుంచి వెనక్కి వస్తూ లక్ష్ముడు దాన్ని బల్ల మీద వదిలేసి వెళ్లాడట. అప్పటి నుంచి ఈయన వారానికోసారి దానికి చార్జింగ్ పెడుతున్నాడు. కొత్త యాప్ అందులో వేశాం. మావయ్య వైఫై ఆపేశాడు. ఫోను పట్టుకుని సందు దాటి, సిగ్నల్ సరిగా అందని బట్టల కొట్టు మెట్ల కిందికి వెళ్లి నొక్కాడు. మూడు సెకన్లు. పేర్లొచ్చాయి. ఫోను చల్లగా ఉంది.

"భలే సేసినావే!" అన్నాడు. ఆయన ముఖంలో ఆ ఆదివారం నాటి సంతోషం మళ్లీ చూశాను.

అక్కడితో ఆగితే సరిపోయేది. నాకు ఇంకొంచెం మెప్పు కావాలి. లాప్‌టాప్ తెరిచి, ముందు ఎంత ఉండేది, ఇప్పుడెంత అయింది అని పట్టిక చూపించాను. "చూడు మావయ్యా, పాత ఫోన్లో ముందు నలభై రెండు సెకన్లు పట్టేది, సిగ్నల్ మీదైతే అసలు తెరుచుకోలేదు. ఇప్పుడు మూడే!"

మావయ్య సెకన్లు చూడలేదు. ఇరవై రెండేళ్లుగా ఏ వస్తువు చేతికొచ్చినా ముందు తారీకు చూసే మనిషి ఆయన. ఆ వరస చివర ఉన్న తారీకు మీద వేలు పెట్టాడు. అక్టోబరు ఏడు.

"సిరిమానుకి ముందు ఆదివారం పదమూడో తారీకు కదేటి?" అన్నాడు మెల్లగా.

"అవును."

"అంటే నేనడిగిన్నాటికి నీకు తెలుసు."

అవునన్నట్టు తల ఊపాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. లక్ష్ముడి ఫోను వెనక ఉన్న ప్లాస్టరుని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. తిడితే బాగుండును, లేదా వెళ్లమంటే బాగుండును అనిపించింది.

"లక్ష్ముడితో ఎన్నిసార్లు సెప్పానో, మా పిల్లకి తెలీదని. అది అబద్ధమైపోనాది. నేను ఎల్లి సెప్పలేను బిందూ. నువ్వే ఎల్లి సెప్పు" అన్నాడు చివరికి.

ఆ పూటే బస్సెక్కి వెళ్లాను. లక్ష్ముడు నారుమడి దగ్గర ఉన్నాడు. నేనెవరో చెప్పగానే నవ్వాడు, అసిరమ్మని కేకేసి మజ్జిగ తెమ్మన్నాడు. ఆ గట్టు మీదే నిలబడి జరిగిందంతా చెప్పాను. అమ్మ ఫోన్లో పరీక్ష చేసిన సంగతి, తెల్లతెర సంగతి, ఆదివారం భోజనం, నా అబద్ధం. అతను అడ్డు రాకుండా విన్నాడు.

"తెలీక సేసినావనుకున్నాం అమ్మా. తెలీనోళ్లని ఏటంటాం? నువ్వు ఆ ఆదివారం, నేదు మావయ్యా, నడవదు, అని ఒక్క మాట అనుంటే, ఆ బాబు నొక్కీవోడు కాదు. నా పంట ఇంటికొచ్చీది" అన్నాడు. కోపం లేదు అతని గొంతులో. తర్వాత తన కొత్త ఫోను తీసి నా చేతిలో పెట్టి, దీని మీది మాటలు తనకి కనపడటం లేదని, అక్షరాలు పెద్దవి చేసి ఇమ్మని అడిగాడు. చేసిచ్చాను. మజ్జిగ తాగి వచ్చేశాను.

మావయ్య కొట్టు ఇప్పటికీ తెరిచే ఉంది. నేను వెళితే స్టూలు జరుపుతాడు, టీ తెప్పిస్తాడు, అమ్మ మోకాళ్ల నొప్పి గురించి అడుగుతాడు. ప్లాస్టర్లు అంటిస్తాడు, తారీకులు వేస్తాడు. రైతులు కొందరు మళ్లీ పాత ఫోన్లు పట్టుకొస్తున్నారు, పంటబండి వాటిలో నడుస్తోంది. నేను ఏదైనా కొత్తది చేసి చూపిస్తే శ్రద్ధగా చూస్తాడు, బాగుందంటాడు. ఆ తర్వాత దాన్ని లక్ష్ముడి ఫోన్లో వేసి, లేచి, వైఫై ఆపేసి, బట్టల కొట్టు మెట్ల కిందికి వెళ్లి తనే నొక్కి చూసుకుంటాడు. నేను కొట్లో కూర్చుని ఆయన వచ్చేదాకా ఎదురుచూస్తాను. పాత ఫోన్లలో నడుస్తాదా అని ఆయన మళ్లీ ఎప్పుడూ నన్ను అడగలేదు.